ఇంట్లో సరౌండ్‌లో వినడానికి శాస్త్రీయ సంగీత రికార్డింగుల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఇంట్లో హోమ్ థియేటరు పెట్టించుకుని, సినిమాల మోజు కాస్త తీరిన తరువాత సంగీతం వైపు మళ్ళిన మిత్రులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. ఇక్కడ శాస్త్రీయ సంగీతమంటే ప్రధానంగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే, ఎందుకంటే సరౌండ్‌లో, అంటే ముందూ వెనుకా స్పీకర్లు పెట్టి వినే పద్ధతిలో, రికార్డయిన శాస్త్రీయ సంగీతంలో అత్యధిక భాగం అదే. మన సంగీతం సంగతి చివరలో విడిగా చెప్పాను.

రెండు స్పీకర్లతో హాయిగా వింటున్నాము కదా, సరౌండ్ ఎందుకు?

పాత మండువా లోగిలి ఎరిగినవారికి ఈ సంగతి చెప్పడం సులువు. మండువాలో నిలబడి ఎవరైనా పద్యం ఎత్తుకుంటే గొంతు ఎదుటి నుంచే వస్తుంది, కానీ నాలుగు వసారాల గోడలకూ దూలాలకూ తగిలి తిరిగివచ్చే నాదం వినేవాణ్ణి అన్ని వైపుల నుంచీ కమ్ముకుంటుంది. అదే మనిషి అదే పద్యాన్ని కోత కోసిన చేలో నిలబడి పాడితే గొంతు మారదు గానీ ఆ నిండుదనం ఉండదు. పాశ్చాత్య వాద్యబృందాల సంగీతం చాలా వరకు ఇటువంటి మూసిన పెద్ద శాలలను దృష్టిలో పెట్టుకుని రాసినదే. 1870లో తెరిచిన వియన్నా మ్యూజిక్‌ఫెరైన్‌లోనూ, 1888లో తెరిచిన ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌హెబౌలోనూ జనం నిండి ఉన్నప్పుడు కూడా వాద్యం ఆగిన తరువాత నాదం పూర్తిగా అణగడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. అటువంటి శాలలో మధ్య వరుసల్లో కూర్చున్నవాడి చెవికి వాద్యం నుంచి నేరుగా వచ్చే ధ్వనికంటే గోడల నుంచి తిరిగివచ్చేదే ఎక్కువ.

రెండు స్పీకర్ల స్టీరియోలో ఆ తిరిగివచ్చే నాదం కూడా వాద్యాలతోపాటు ముందు నుంచే, ఒక కిటికీలోంచి వచ్చినట్లు వస్తుంది. సరౌండ్ దానిని రావలసిన దిక్కు నుంచి రప్పిస్తుంది. నా దృష్టిలో సరౌండ్ ప్రయోజనమంతా ఇదే. దీనిని మనసులో పెట్టుకుంటే రికార్డింగు ఎంపికలో సగం తికమక పోతుంది.

వెనుక స్పీకర్లలో దాదాపు ఏమీ వినిపించడం లేదు. డిస్కులో లోపమా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, జవాబు సాధారణంగా ‘కాదు’. థియేటరులో మన తల మీదుగా హెలికాప్టరు పోవడానికి అలవాటుపడిన చెవి, ఐదు స్పీకర్లు కొన్నాక ఐదూ సమానంగా మోగాలని ఆశిస్తుంది. మంచి సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన దీర్ఘ రచన) రికార్డింగులో వెనుక చానళ్ళకు (ఒక్కో స్పీకరుకు విడిగా ధ్వని వచ్చే దారులకు) వాద్యబృందానికి దూరంగా, శాల లోపలి భాగంలో పెట్టిన మైకుల ధ్వని అందుతుంది. అందులో ఉండేది ప్రతినాదం, అప్పుడప్పుడు ఒక దగ్గు, చివరలో చప్పట్లు. అది ‘వినిపించకూడదు’. అది లేకపోతే మాత్రం లోటు తెలియాలి.

పరీక్ష సులువు. వాద్యబృందమంతా గట్టిగా వాయించి హఠాత్తుగా ఆగే చోటు ఒకటి ఎంచుకోండి. ఆగిన వెంటనే గదిలో ఏం మిగులుతుందో కళ్ళు మూసుకుని వినండి. తరువాత వెనుక స్పీకర్లు ఆపివేసి అదే చోటు మళ్ళీ వినండి. రెండోసారి శాల గోడలు ముందుకు జరిగి టీవీ వెనుకకు చేరినట్లు అనిపిస్తే, మీ డిస్కూ అమరికా రెండూ సవ్యంగా ఉన్నట్లే.

మా ఇంట్లో మొదటిసారి అమరిక చేసిన కుర్రవాడు ‘వెనక సౌండ్ రావాలి కదండీ’ అంటూ వెనుక స్పీకర్లను 6 డెసిబెల్స్ పెంచి వెళ్ళాడు. సినిమాలు బ్రహ్మాండంగా ఉండేవి. ఆస్ట్రియా స్వరకర్త మాహ్లర్ సింఫనీ పెడితే మాత్రం వయొలిన్లు ముందున్నాయో వెనుక ఉన్నాయో తెలియక తల తిరిగేది. లోపం రికార్డింగులదేనని ఆరు నెలలపాటు నమ్మి, మంచి డిస్కులను పక్కన పెట్టేశాను. రిసీవరుతో (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టెతో) వచ్చే మైకుతో స్థాయిలనూ దూరాలనూ మళ్ళీ కొలిపించిన తరువాత గానీ వాటి విలువ తెలియలేదు. దూరాల లెక్క కూడా చిన్నది కాదు. ధ్వనికి మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, అందుచేత దగ్గరగా ఉన్న వెనుక స్పీకరు ధ్వనిని రిసీవరు ఆ మేరకు ఆలస్యం చేయకపోతే చెవి ముందుగా చేరిన ధ్వని వైపే మొగ్గుతుంది.

డిస్కు కొనేముందు అట్ట మీద ఏం చూడాలి?

మొదట చూడవలసింది ‘మల్టీచానల్’ అన్న మాట. ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీకంటే సూక్ష్మంగా ధ్వనిని నింపే డిస్కు) అయినంత మాత్రాన సరౌండ్ ఉంటుందన్న పూచీ లేదు. జపాన్ నుంచి వచ్చే పాత రికార్డింగుల పునర్ముద్రణల్లో చాలావాటిలో స్టీరియో మాత్రమే ఉంటుంది. రెండవది ‘హైబ్రిడ్’ అన్న మాట. హైబ్రిడ్ డిస్కులో మామూలు సీడీ పొర కూడా ఉంటుంది కాబట్టి కారులోనూ పాడుతుంది. కాకపోతే మామూలు సీడీ ప్లేయరులో పెట్టి ‘సరౌండ్ రావడం లేదు’ అనుకోకూడదు, ఆ ప్లేయరు చదివేది సీడీ పొరను మాత్రమే.

మూడవది అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉండే రికార్డింగు తేదీ, స్థలం. అసలు ఎంపిక జరిగేది ఇక్కడే. 2000 తరువాత, పేరున్న శాలలోనో చర్చిలోనో రికార్డయినదైతే మొదటి నుంచీ సరౌండ్ కోసమే మైకులు పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. స్టీరియో టేపు నుంచి తరువాత కృత్రిమంగా వెనుక చానళ్ళను తయారుచేసినవీ ఉన్నాయి, వాటికి అదనంగా డబ్బు పెట్టడం దండగ. 5.0 అని ఉందా 5.1 అని ఉందా అన్నదానికి ప్రాముఖ్యం లేదు, ఎందుకో కింద చెబుతాను.

ఎస్‌ఏసీడీ, బ్లూ-రే, స్ట్రీమింగ్: ఏది ఎంచుకోవాలి?

శాస్త్రీయ సంగీతం వరకు సరౌండ్ భాండాగారం ఇప్పటికీ ఎస్‌ఏసీడీయే. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన ఈ డిస్కు సినిమా పాటల లోకంలో ఎప్పుడో కనుమరుగైనా, శాస్త్రీయ సంగీత సంస్థలు దానిని విడిచిపెట్టలేదు. దీనికి ఎస్‌ఏసీడీ చదవగల ప్లేయరు కావాలి. సోనీ బ్లూ-రే ప్లేయర్లలో కొన్ని మోడళ్ళు చదువుతాయి, కొనేముందు మోడల్ వివరాల్లో చూసుకోవాలి. కంప్యూటరు డ్రైవులు ఎస్‌ఏసీడీ పొరను చదవలేవు. ప్లేయరును హెచ్‌డీఎంఐ తీగతో రిసీవరుకు కలపాలి, పాత ఆప్టికల్ తీగ ద్వారా ఎస్‌ఏసీడీ సరౌండ్ రాదు.

ఇంట్లో ఇప్పటికే బ్లూ-రే ప్లేయరు ఉన్నవారికి కచేరీ వీడియోలతో మొదలుపెట్టడం తేలిక. సింఫనీ, ఒపెరా బ్లూ-రేల్లో ఎక్కువభాగం సరౌండ్ ట్రాకుతోనే వస్తాయి. మెనూలో చాలాసార్లు స్టీరియో ముందుగా ఎంపికై ఉంటుంది కనుక మార్చుకోవడం మరవకూడదు.

స్ట్రీమింగులో, 2023లో వచ్చిన ఆపిల్ మ్యూజిక్ క్లాసికల్‌లో డాల్బీ అట్మాస్ (పైకప్పు స్పీకర్లను కూడా వాడుకోగల సరౌండ్ పద్ధతి) రికార్డింగులు చాలా ఉన్నాయి. వాటిని స్పీకర్లలో వినడానికి ఆపిల్ టీవీ 4కే వంటి పెట్టెను రిసీవరుకు కలపాలి. అక్కడ వచ్చేది కుదించిన ధ్వని, డిస్కులోని సూక్ష్మత అంతా ఉండదు. అయినా ఏ రచన మనకు నచ్చుతుందో తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వారి డిజిటల్ కాన్సర్ట్ హాల్ కూడా చందా మీద కచేరీలు చూపిస్తుంది.

ఏ సంస్థల రికార్డింగులను నమ్మవచ్చు?

స్వీడన్‌కు చెందిన బీఐఎస్, నెదర్లాండ్స్‌కు చెందిన చానల్ క్లాసిక్స్, పెంటాటోన్, ఇంగ్లండ్‌కు చెందిన షాండోస్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా సొంత సంస్థ ఎల్ఎస్ఓ లైవ్, నార్వేకు చెందిన 2ఎల్. ఈ పేర్లతో మొదలుపెడితే పెద్దగా మోసపోరు. బీఐఎస్‌లో వాద్యబృంద నిర్వాహకుడు ఓస్మో వాన్‌స్కా మిన్నెసోటా ఆర్కెస్ట్రాతో చేసిన బేతోవెన్ సింఫనీలు నేను కొత్తవారికి ముందుగా చెప్పే డిస్కులు. మంద్రంగా వాయించే చోట్ల ఎంత నిశ్శబ్దం పలుకుతుందో అక్కడ తెలుస్తుంది. జపాన్‌లోని కోబెలో ఒక కళాశాల ప్రార్థనా మందిరంలో మసాకి సుజుకి బృందం రికార్డు చేసిన బాఖ్ కాంటాటాల (గాత్రానికీ వాద్యాలకూ కలిపి రాసిన రచనల) వరుస మొత్తం 55 సంపుటాలు. వాటిలో తరువాతి సంపుటాలు ఎస్‌ఏసీడీలుగా వచ్చాయి. ఆ మందిరపు మృదువైన ప్రతినాదం గాత్రానికి చక్కగా అతుకుతుంది.

2ఎల్ సంస్థ పద్ధతి పూర్తిగా వేరు. ఆ సంస్థ రికార్డింగులు చేసే మోర్టెన్ లిండ్‌బర్గ్ వాద్యకారులను వేదిక మీద వరుసగా కూర్చోబెట్టకుండా, చర్చి మధ్యలో మైకుల చుట్టూ వలయంగా నిలబెడతారు. అందుచేత వినేవాడు శ్రోతల మధ్య కాక వాద్యకారుల మధ్య కూర్చుంటాడు, వెనుక స్పీకర్లలోనూ నిజంగా వాద్యాలే మోగుతాయి. నిడారోస్ కెథెడ్రల్ బాలికల గాయకబృందంతో చేసిన ‘లక్స్’ ఆల్బమ్‌కు 2020లో గ్రామీ పురస్కారం వచ్చింది. ఇంటికి వచ్చినవారికి సరౌండ్ రుచి చూపించాలంటే ఇటువంటిది పెట్టాలి. నాకు మాత్రం రోజూ ఆ కూర్పు సయించదు, పులస పులుసు ఎంత రుచైనా రోజూ తినలేము కదా. ఆ సంస్థ తన వెబ్‌సైటులో కొన్ని సరౌండ్ నమూనాలను ఉచితంగా దించుకోనిస్తుంది, పైసా ఖర్చు లేకుండా మీ అమరికను పరీక్షించుకోవడానికి అవి చాలు.

ఏ రచనలతో మొదలుపెట్టాలి?

రచన స్వభావంలోనే దిక్కుల ఆలోచన ఉన్నవాటితో మొదలుపెట్టడం మేలు. వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ చర్చిలో ఎదురెదురు అటకల మీద గాయకులను, వాద్యకారులను విడివిడిగా నిలబెట్టి జవాబులు పాడించే సంప్రదాయం ఉండేది. 1597లో అక్కడి స్వరకర్త గాబ్రియేలి ప్రచురించిన ఇత్తడి వాద్యాల రచనలు ఆ గాలిలో పుట్టినవే. మన భజన గోష్ఠిలో ఒక వరుస పాడి ఆపితే రెండవ వరుస అందుకున్నట్లే ఉంటుంది. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో తామస్ టాలిస్ రాసిన ‘స్పెమ్ ఇన్ ఏలియం’లో 40 గొంతులకు 40 వేర్వేరు వరుసలు ఉంటాయి, ఐదేసి గొంతుల బృందాలు ఎనిమిది. స్టీరియోలో అది అందమైన గుంపు, సరౌండ్‌లో ఆ ఎనిమిది బృందాలూ ఒకదాని తరువాత ఒకటి చోటు మారుతూ మేల్కొంటాయి.

ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ రాసిన రిక్వియమ్ (మృతుల శాంతి కోసం పాడే ప్రార్థనా సంగీతం) 1837లో పారిస్‌లోని ఇన్వాలీద్ చర్చిలో మొదట ప్రదర్శితమైంది. ప్రధాన బృందం కాక నాలుగు మూలలా నాలుగు ఇత్తడి వాద్య బృందాలను నిలబెట్టమని స్వరకర్తే రాశాడు. కోలిన్ డేవిస్ 2012లో లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో నిర్వహించిన ప్రదర్శన ఎల్ఎస్ఓ లైవ్ ఎస్‌ఏసీడీగా ఉంది. ఆ గోపురం కింద నాదం అణగడానికి చాలా సమయం పడుతుంది కనుక స్వరాలు కొన్నిచోట్ల ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్పష్టత కోరేవారికి అది నచ్చకపోవచ్చు. నాకు ఆ కలగాపులగమే ఆ రచనకు న్యాయమనిపిస్తుంది.

మాహ్లర్ రెండవ సింఫనీ చివరి భాగంలో కొన్ని వాద్యాలు వేదిక వెనుక, కనబడని చోటు నుంచి మోగుతాయి. ఇవాన్ ఫిషర్ బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రాతో చానల్ క్లాసిక్స్‌కు చేసిన రికార్డింగు నా దగ్గర అరిగిపోయేంతగా తిరిగింది. అయితే ఒక హెచ్చరిక. కనబడని వాద్యాలంటే మన వీపు వెనుక మోగాలని కాదు. శాలలో అవి వేదికకు ఆవల, దూరంగా ఉంటాయి. అవి ఎక్కడో గోదావరి అవతలి గట్టు నుంచి వచ్చినట్లు వినిపిస్తే సరిగా ఉన్నట్లు.

మూడు వాద్యబృందాల కోసం స్టాక్‌హౌజెన్ రాసిన ‘గ్రుప్పెన్’, 1958లో కొలోన్‌లో మొదట మోగినది, సరౌండ్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది గానీ రాగం కోసం వెతికేవారికి కొరుకుడు పడదు. ఇక పియానో ఏకవాద్యానికి, నలుగురి తీగవాద్య గోష్ఠికి సరౌండ్ చేసే మేలు స్వల్పం. వాటికి వాయించినవారు ఎవరన్నది చూసి కొనుక్కోండి.

1950ల, 70ల పాత రికార్డింగులను సరౌండ్‌గా అమ్ముతున్నారు. అవి నిజమైనవేనా?

కొన్ని నిజమైనవే. 1950ల రెండవ సగం నుంచి ఆర్‌సీఏ, మెర్క్యురీ సంస్థలు చాలా రికార్డింగులను మూడు ట్రాకుల టేపు మీద చేశాయి, ఎల్పీ రికార్డుకు రెండే చానళ్ళు కాబట్టి వాటిని కలిపి అమ్మేవారు. ఎస్‌ఏసీడీ వచ్చాక ఆ మూడు ట్రాకులనూ ఎడమ, మధ్య, కుడి స్పీకర్లకు ఉన్నవి ఉన్నట్లు ఇచ్చారు. 1960లో షికాగోలో ఫ్రిట్జ్ రైనర్ చేసిన ‘షెహెరజాదె’ అటువంటిదే. వెనుక స్పీకర్లు మౌనంగా ఉండడం అక్కడ నిజాయితీకి గుర్తు. 1970లలో ఫిలిప్స్ నాలుగు చానళ్ళలో రికార్డు చేసి దాచిపెట్టిన టేపులను పెంటాటోన్ తరువాత విడుదల చేసింది, వాటిలో మధ్య స్పీకరు మోగదు.

పైకప్పు స్పీకర్లు, అట్మాస్ తప్పనిసరా?

కాదు. పెద్ద చర్చిలో పాడిన గాయకబృందానికి, పైప్ ఆర్గన్‌కు ఎత్తు స్పీకర్లు నిజంగా ఏదో కలుపుతాయి. మిగతావాటికి, ఉన్న ఐదు స్పీకర్లను సరైన చోట పెట్టడం ముందు చేయవలసిన పని. స్ట్రీమింగులో అట్మాస్ గుర్తు ఉన్న పాత ఆల్బమ్‌లలో కొన్ని స్టీరియో టేపుల నుంచి సాగదీసినవి, అందుచేత రికార్డింగు సంవత్సరం చూడటం ఇక్కడా అవసరం.

సబ్‌వూఫరు మోగడం లేదేమిటి?

5.1లోని ఆ ‘.1’ సినిమాల్లో పేలుళ్ళ కోసం పెట్టిన అదనపు చానలు. సింఫనీకి అది అక్కరలేదు కాబట్టి చాలా డిస్కులు దానిని ఖాళీగా వదిలేస్తాయి లేదా 5.0గానే వస్తాయి. మీ ముందు స్పీకర్లు చిన్నవైతే రిసీవరులో ‘స్మాల్’ అని పెట్టి 80 హెర్ట్జ్ వద్ద కోత పెట్టండి, డబుల్ బాస్‌ల, పెద్ద డోలు అడుగు స్వరాలు సబ్‌వూఫరుకు వాటంతట అవే చేరతాయి.

మా హాలు 12 అడుగులకు 14. టైల్స్ నేల. ఏ రికార్డింగు పెట్టినా గోలగా ఉంటోంది.

హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ‘ట్రింగ్’ అంటూ గోడల మధ్య చప్పుడు కొట్టుకుంటే, రెండు సెకన్ల వియన్నా ప్రతినాదం మీద మీ హాలు తన గోలను కలుపుతున్నట్లే. గ్రానైటు నేల, పుట్టీ గోడలు, పైన స్లాబు ఉన్న కొత్త ఇళ్ళన్నిటిదీ ఇదే బాధ. ముందు స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి బొంత పరిచి, దానిపైన మన కోనసీమలో దొరికే కొబ్బరిపీచు పట్టా వేస్తే పై స్వరాల చురుకు తగ్గుతుంది. కిటికీలకు మందపాటి తెరలు, ఒక గోడకు పుస్తకాల బీరువా కావాలి. సోఫాను వెనుక గోడకు ఆనించి ఉంచితే బాస్ ఉబ్బుతుంది, మూడడుగులైనా ముందుకు జరపాలి.

ముందు ఎడమ, కుడి స్పీకర్లు మధ్య గీతకు 30 డిగ్రీల చొప్పున, వెనుకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు కాస్త వెనుకగా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఈ రికార్డింగులను మిక్స్ చేసేవారు అటువంటి అమరికలోనే వింటారు. మన దగ్గర వెనుక స్పీకర్లను గది మూలల్లో పైకప్పుకు తగిలించడం ఆనవాయితీ అయిపోయింది. ఐదడుగుల స్టాండు మీదికి దింపి చూడండి.

ఫ్యాను ఆపి వినాలి. మాహ్లర్ మొదటి సింఫనీ ఒకే స్వరం ఏడు స్థాయిల్లో గుసగుసగా నిలిచి ఉండటంతో మొదలవుతుంది, తిరుగుతున్న ఫ్యాను కింద అది పూర్తిగా మునిగిపోతుంది. అది వినిపించడం లేదని వాల్యూమ్ పెంచితే తరువాత వచ్చే ఉరుముకు ఇంట్లోవారు పరుగెత్తుకొస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపి కూర్చోమనడం అన్యాయమే, అందుకే నేను తెల్లవారుజామున వింటాను. భీమవరం వైపు చెరువుల పక్కన ఇళ్ళున్న మిత్రులకు ఆ వేళలోనూ నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల హోరు తప్పదు. వారు మంద్ర స్థాయి రచనలకంటే బెర్లియోజ్‌ను ఆశ్రయించడం మంచిది.

తేమకు, కరెంటుకు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

సముద్రం దగ్గరి ఊళ్ళలో స్పీకరు తీగల రాగి కొసలు నల్లబడతాయి, ఏడాదికోసారి కత్తిరించి కొత్త కొసలు బిగించాలి. కోను చుట్టూ నురగ అంచు ఉన్న పాత స్పీకర్లు ఈ తేమలో పొడిపొడి అవుతాయి, రబ్బరు అంచువి నిలుస్తాయి. రిసీవరుకు స్టెబిలైజరు తప్పనిసరి.

మన కర్ణాటక సంగీతాన్ని సరౌండ్‌లో వినవచ్చా?

రిసీవరులో కృత్రిమ సరౌండ్ మీట నొక్కితే ఏ కచేరీ అయినా ఐదు స్పీకర్లలో మోగుతుంది. నొక్కవద్దని నా సలహా. మన కచేరీ రికార్డింగుల్లో మైకు గాయకుడి నోటి దగ్గర, వయొలిన్ పక్కన, మృదంగం ముందు ఉంటుంది. శాల నాదం అందులో దాదాపు ఉండదు, లేనిదానిని యంత్రం కల్పించవలసి వస్తుంది. మృదంగం ‘తోం’ వెనుక స్పీకర్లోంచి వినబడటంకంటే ఎబ్బెట్టు వ్యవహారం మరొకటి లేదు. స్టీరియో రికార్డింగులను స్టీరియోగానే వినండి.

1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన తరువాత చాలాకాలం రికార్డయినవి మోనో. శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రం గానీ, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ గానీ అటువంటి పాత మోనో రికార్డింగులో మీ దగ్గర ఉంటే, మిగతా స్పీకర్లన్నీ ఆపి మధ్య స్పీకరు ఒక్కదానిలోనే వినిపించి చూడండి.  రెండు స్పీకర్ల మధ్య గాలిలో తేలే వీణకు బదులు, ఎదురుగా ఒక చోట కూర్చుని ఒకరు వాయిస్తున్న వీణ వినిపిస్తుంది. మీటు తరువాత గమకం సాగి సాగి ఎక్కడ అణిగిందో కూడా తెలుస్తుంది.

నిజంగా సరౌండ్‌లో రికార్డు చేయవలసిన మన సంగీతం ఒకటుంది. గుడి ప్రాకారంలో ఉత్సవ విగ్రహంతోపాటు నడుస్తూ వాయించే నాదస్వరం, డోలు. ప్రాకారం మూల తిరిగేటప్పుడు ఆ నాదం రాతిగోడ మీద పడి ఒక్కసారిగా రంగు మారుతుంది. దానికోసం నాలుగు మైకులు పట్టుకుని వెళ్ళినవారెవరైనా ఉంటే ఆ డిస్కు మొదటి ప్రతి నాకే కావాలి.